దేహపు జమాఖర్చు: యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

విశాఖపట్టణమున ద్వారకానగర్ విద్యార్థులకును, ఉపాధ్యాయులకును నెలవైన పేట. ఆర్.టి.సి. కాంప్లెక్సులో బస్సు దిగినవారు పుస్తకముల దుకాణములకో, శిక్షణాలయములకో, పౌరగ్రంథాలయమునకో పోవుచుందురు. ఉదయము మొదలు రాత్రివరకు కుర్చీ విడువక చదువువారును, నిలువుకాళ్లపై ఐదారు పాఠములు చెప్పి ఇంటికి చేరి సోలిపోవువారును అచ్చట పెక్కుమంది. ఇట్టివారి నోట నేడు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. బరువు తగ్గవలెనన్నచో దినమునకు ఎన్ని కేలరీల ఆహారము తినవలెను? ఒకరు పన్నెండువందలందురు, మరియొకరు పదునెనిమిదివందలందురు. పొరుగువారికి పనికివచ్చిన అంకెను తమకును వర్తింపజేసికొని, పది దినములు అర్ధాకలితో గడపి, పదునొకండవ దినమున పట్టు సడలి, తుదకు తమ్ముతామే నిందించుకొనువారు కొల్లలు.

అంకె చెప్పుట సులభము. అది యెచ్చటినుండి వచ్చినదో, ఎవరికి చెల్లునో తెలిసికొనుటయే కష్టము. తిన్న ఆహారమునందలి శక్తిని దేహము ఏ రూపమున వ్యయపరచుచున్నదో లోకమునకు వెల్లడించిన కొలదిమందిలో ఒకరు మన తెలుగువారు, డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. బరువు తగ్గు ఉపాయములను వారు బోధింపలేదు. అయినను ఊహించుట మాని కొలుచుట యనెడి వారి పద్ధతియే పై ప్రశ్నకు దారి చూపును. కావున వారి చరిత్రను ఈ ప్రశ్నతో కలిపి చదువుట ఉచితము.

మొదట కేలరీ యననేమో చూతము. ఒక కిలోగ్రాము నీటిని ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు వలయు ఉష్ణమును ఆహారశాస్త్రమున కేలరీ యందురు. భౌతికశాస్త్రమున దీనికే కిలోకేలరీ యని పేరు. 18వ శతాబ్దపు చివరిభాగమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజియే గినీపందిని మంచుగడ్డల నడుమ నుంచి, దాని దేహపు వేడికి మంచు ఎంత కరగునో కొలిచి, శ్వాసక్రియ నెమ్మదిగా జరుగు దహనమే యని చూపెను. తరువాత నూరేండ్లకు అమెరికాలో ఆట్‌వాటర్ మనుష్యునే ఒక గదిలో నుంచి, అతడు తిన్నదానిని, విడిచిన వేడిని కొలిచెను. పిండిపదార్థము గ్రాముకు 4 కేలరీలు, మాంసకృత్తు గ్రాముకు 4, క్రొవ్వు గ్రాముకు 9 అను లెక్క ఆయన పరిశోధనలనుండి వచ్చినదే. ఈ విధముగా పద్దులో జమ తెలిసెను; మొత్తపు ఖర్చును తెలిసెను. ఆ ఖర్చు ఏ నాణెముతో జరుగుచున్నదో మాత్రము తెలియలేదు. పద్దులోని ఆ నడిమి పుటను చదువుటకు ఒక తెలుగు బిడ్డ పుట్టవలసివచ్చెను.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి అనారోగ్యముచే ఉద్యోగమును ముందుగానే విడువవలసివచ్చినందున ఇంట లేమి నెలకొనెను. బాలునకు చదువుపై మనసు నిలువలేదు. ధనార్జన చేయవలెనని చిన్నతనముననే కాశీకి బయలుదేరగా తల్లి వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. ఆ తల్లి పట్టుదలయే లేకున్నచో ఈ చరిత్రయే లేదు. రాజమహేంద్రవరమున చదివి, చెన్నపట్టణమున హిందూ ఉన్నత పాఠశాలనుండి మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను గట్టెక్కిరి. పరీక్ష తప్పినంతమాత్రమున బుద్ధి కొరవడినదని తలచు విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న కాలమున వారికి సన్న్యాసముపై మనసు పోయెను. రామకృష్ణ మఠమున చేరగోరిరి. తల్లి అంగీకరింపలేదు. సేవయే లక్ష్యమైనచో వైద్యమును మించిన సేవ లేదని తలచి మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాలయమునకు సైతము ఖద్దరు వస్త్రముతో పోయిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది గిట్టలేదు. ఫలితముగా వారికి ఎం.బి.బి.యస్. పట్టము దక్కక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను.

ఆ కాలముననే వారి యింట పిడుగు పడెను. ఇరువురు సోదరులు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ వ్యాధికి బలియైరి. మన వైద్యులు సంగ్రహణి యను పేర చెప్పు రోగములకు ఇది దగ్గరిది. ఈ వ్యాధిలో ప్రేగుల గోడలు ఆహారసారమును పీల్చుకొనజాలవు. రోగి తినును, కాని తిన్నది ఒంటికి పట్టదు. నాలుక పుండ్లుపడి, రక్తము క్షీణించి, మనుష్యుడు దినదినము కృశించిపోవును. సుబ్బారావుగారికిని అదియే వ్యాధి సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే వారు బ్రదికి బయటపడి, పిమ్మట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రమును బోధించిరి.

కేలరీల లెక్క వేయువారు ఈ ఘట్టమువద్ద ఒక్క నిమిషమాగవలెను. కంచములోనున్న కేలరీలు వేరు. దేహమునకు దక్కు కేలరీలు వేరు. స్ప్రూ రోగియందు ఈ భేదము ప్రాణాంతకముగా కనబడును. ఆరోగ్యవంతునియందు అది స్వల్పమేగాని లేకపోలేదు. వేరుసెనగపప్పువంటి గింజలలోని క్రొవ్వు నమలుటనుబట్టి కొంత జీర్ణముగాకయే పోవును. పీచు అధికముగాగల ఆహారమునందును అంతే. ఆట్‌వాటర్ అంకెలు సగటు లెక్కలు. అవి దారి చూపుటకు చాలునుగాని, చిల్లరతో సహా సరిపోవునని నమ్మరాదు. ఇంకొక మాట. తగినంత తినుచు, ప్రయత్నమేమియు చేయకయే బరువు తగ్గుచున్నవాడు సంతోషింపరాదు. అట్టివాడు వైద్యుని చూడవలెను.

తన యింటివారిని మ్రింగిన రోగమునకు మూలము కనుగొనవలెనను తలంపు సుబ్బారావుగారిని సముద్రములు దాటించెను. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మసంస్థయు ధనసహాయము చేయగా, 1920ల తొలి యేండ్లలో, పెండ్లియై కొంతకాలమే గడచిన భార్యను స్వదేశమున విడిచి, అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యము నభ్యసించిరి. భారతీయ వైద్యపట్టము అచ్చట చెల్లలేదు. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు పనికి కుదిరిరి. పగలు చదువు, రాత్రి చాకిరి. స్వదేశమున వారికి పుట్టిన ఒక్కగానొక్క కుమారుడు ఏడాది నిండకయే మరణించెను. ఆ బిడ్డ ముఖమును వారెన్నడును చూచియుండలేదు.

పిమ్మట హార్వర్డులోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేయసాగిరి. రక్తమునందును, మూత్రమునందును గల భాస్వరమును కచ్చితముగా కొలుచుట వారికి అప్పగింపబడిన పని. ద్రావణమున కొన్ని రసాయనములు చేర్చినచో నీలవర్ణము పుట్టును. భాస్వరమెంత అధికమో నీలమంత గాఢము. ఆ గాఢతను తెలిసిన ప్రమాణముతో పోల్చి పరిమాణమును చెప్పవచ్చును. 1925లో ప్రకటింపబడిన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ప్రపంచములోని జీవరసాయన ప్రయోగశాలలన్నింట వ్యాపించి, తరతరముల విద్యార్థులకు పాఠమయ్యెను.

ఆ పద్ధతిని కండరపు రసమునకు వర్తింపజేసినపుడు ఒక చిత్రము కనబడెను. నీలవర్ణము వెంటనే పూర్తిగా రాలేదు, నెమ్మదినెమ్మదిగా చిక్కబడెను. మరియొకరైనచో రసాయనము చెడినదనియో, చేయి తప్పినదనియో త్రోసివేసియుందురు. వీరు త్రోసివేయలేదు. ఆ ఆలస్యమునకు కారణమును వెదకగా, కండరములోని భాస్వరములో కొంత భాగము క్రియాటిను అను పదార్థముతో ముడివడియున్నదనియు, ఆమ్లమున ఆ ముడి మెల్లగా విడుచున్నదనియు తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ విషయము వెలువడెను. కండరము పనిచేసినపుడు అది తరుగుచున్నది. విశ్రమించినపుడు మరల పెరుగుచున్నది. 1929లో వారు కండరమునుండి మరియొక భాస్వర సమ్మేళనమును వేరుచేసిరి. అది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా నేటి పాఠ్యపుస్తకములలో ఏ.టీ.పీ. అని విద్యార్థులు చదువునది. అదే యేట జర్మనీలో లోమాన్ స్వతంత్రముగా దానినే కనుగొనెను.

అంతవరకు కండరము లాక్టికామ్లముచే ముడుచుకొనునని పెద్దల మతము. ఆ రంగమున పనిచేసిన హిల్, మేయర్‌హోఫ్ పండితులకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. భాస్వర సమ్మేళనముల ఆవిష్కరణమును, లాక్టికామ్లము పుట్టకయే కండరము పనిచేయగలదని డెన్మార్కులో లుండ్స్‌గార్డ్ 1930లో చూపుటయు ఆ మతమును మార్చివేసెను. నీలవర్ణము కొంత ఆలస్యముగా వచ్చుటనుండి ఇంత మార్పు మొదలయ్యెను.

మనము తిన్న అన్నము, పప్పు, నూనె తమంతతాముగా గుండెను కొట్టించలేవు, చేతిని కదలింపలేవు. అవి దహనమై, ఆ శక్తితో ఏ.టీ.పీ. తయారగును. దానిని విరిచి దేహము తన పనులు నడుపుకొనును. ఇది ఊరిలో చలామణియగు చిల్లర నాణెమువంటిది; ధాన్యము నమ్మి చిల్లర తెచ్చుకొన్నగాని సంతలో సరకు రాదు. ఏ క్షణమునందైనను దేహములో నుండు ఏ.టీ.పీ. గుప్పెడు మాత్రమే. అయినను అది విరుగుచు మరల కూర్పబడుచు ఎంత వేగముగా చేతులు మారుననగా, విశ్రాంతిగానున్న మనుష్యునియందే దినమునకు సుమారు 40 కిలోగ్రాముల మేర చలామణి జరుగును.

దీనినిబట్టి పఠనమందిరమున కదలక కూర్చున్న విద్యార్థియు నిరంతరము ఖర్చు చేయుచునే యున్నాడు. గుండె, మెదడు, కాలేయము, మూత్రపిండములు నిద్రలోను విశ్రమింపవు. కూర్చుండి పనిచేయువారి దినవ్యయములో సగముకంటె అధికభాగము ఈ మూలవ్యయమే. ఆహారమును మితిమీరి కోసినచో దేహము తన పొదుపు తాను చేసికొనును. నడక మందగించును, చలి హెచ్చుగా తోచును, చదివినది తలకెక్కదు. క్రొవ్వుతోపాటు కండయు కరగును. కావున తగ్గింపు ఎంత యన్నదానికి ముందు ఖర్చు ఎంత యన్నది తెలియవలెను.

ఈ ఖర్చును మన దేశీయులకు లెక్కగట్టు పని నీలగిరులలోని కూనూరులో సాగెను. అచ్చటి పోషకాహార పరిశోధనాలయమునుండి అయిక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారముల విలువల పట్టికను ప్రకటించెను. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయయ్యెను. అది 2020లో ప్రకటించిన లెక్కననుసరించి, 65 కిలోల పురుషుడు కూర్చుండి పనిచేయువాడైనచో దినమునకు 2,110 కేలరీలు, ఓపుగా శ్రమించువాడైనచో 2,710, కఠినశ్రమ చేయువాడైనచో 3,470 కావలెను. 55 కిలోల స్త్రీకి ఈ అంకెలు వరుసగా 1,660, 2,130, 2,720. ఓడరేవున బరువులెత్తు కూలికిని, ద్వారకానగర్‌లో పరీక్షకు చదువు యువకునకును ఒకే అంకె చెప్పుట ఎంత అసంబద్ధమో దీనివలన తెలియును. ఇవి బరువు తగ్గుటకు చెప్పిన అంకెలు కావు. ఉన్న బరువు నిలుచుటకు చెప్పినవి. అదియును సగటు మనుష్యునికి.

మరి ఒక్కొక్కరు తమ అంకెను ఎట్లు తెలిసికొనవలెను? సుబ్బారావుగారి పద్ధతియే ఇచ్చటను శరణ్యము. మొదట రెండువారములు ఆహారము మార్చకయే, తిన్నదానినెల్ల తూచి వ్రాయవలెను. ప్రతి ఉదయము పరగడుపున బరువు చూచి వారపు సగటు తీయవలెను. బరువు నిలకడగానున్నచో, ఆ తిన్న లెక్కయే వారి ఖర్చు. ఒక ఉపాధ్యాయినికి అది 1,900 అని తేలినదనుకొందము. దానిలో 400 తగ్గించి 1,500 తినినచో వారమునకు 2,800 కేలరీల లోటు. దేహములోని క్రొవ్వు ఒక కిలో తరుగుటకు సుమారు 7,700 కేలరీల లోటు కావలెను. అనగా వారమునకు 360 గ్రాములు, నెలకు కిలోన్నర. ఈ వేగము చిన్నదిగా తోచును. కాని కండ చెడకయు, పాఠము చెప్పు గొంతు నీరసింపకయు సాగదగిన వేగమిది.

కొలతలో నిజాయితీ ముఖ్యము. మూకుడులో పోసిన నూనెను లెక్కింపనివారు పెక్కుమంది. మూడు పెద్ద చెంచాల నూనె సుమారు 40 గ్రాములు, అనగా 360 కేలరీలు. పై ఉపాధ్యాయిని పడిన కష్టమంతయు ఒక అరటికాయ వేపుడులో కలసిపోవును. అన్నము విషయమునను ఇట్టి పొరపాటే జరుగును. నూరు గ్రాముల బియ్యము 350 కేలరీలకు దగ్గర. అదియే అన్నమైనపుడు నీరు పీల్చి మూడురెట్లకు దరిదాపుగా తూగునేగాని కేలరీలు పెరుగవు. బియ్యపు అంకెను అన్నమునకు వేసినవాడు ఆకలితో మాడును. అన్నపు అంకెను బియ్యమునకు వేసినవాడు బరువేల తగ్గలేదని వగచును.

మొదటివారమున బరువు వేగముగా దిగుట చూచి మురియరాదు. కాలేయమునందును, కండరములందును నిలువయుండు పిండిపదార్థము తరిగినపుడు దానితోనున్న నీరును పోవును. ఆ దిగుడులో నీటి భాగమే హెచ్చు. తరువాత కొన్నాళ్లు ముల్లు కదలకున్నను ఆహారమును మరింత కోయరాదు. ఉప్పు, నిద్రలేమి, స్త్రీలయందు ఋతుక్రమము ఇవన్నియు నీటిని నిలుపును. పైగా దేహము తేలికయైనకొలది ఖర్చును తగ్గును. కావున రెండు మూడు నెలలకొకమారు లెక్కను సరిచూచుకొనవలెను. ఆలస్యముగా వచ్చిన నీలవర్ణమును తప్పని తలపక దాని కారణమును వెదకిన ఓర్పు ఇచ్చట పనికివచ్చును.

సుబ్బారావుగారికి 1930లో హార్వర్డు పిహెచ్.డి. పట్టము నిచ్చినదిగాని స్థిరమైన పదవి నీయలేదు. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరులోగల లెడర్లే పరిశోధనాలయమునకు పోయి, కాలక్రమమున పరిశోధనలకు అధిపతియైరి. అచ్చట వారి బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకును, కొన్ని జాతుల రక్తహీనతకును అది ఔషధమయ్యెను. సోదరులను పొట్టనుబెట్టుకొన్న వ్యాధికి విరుగుడు దాదాపు పాతికేండ్ల తరువాత ఈ విధముగా చేతికి వచ్చెను.

ఫోలికామ్లము దినమునకు కావలసినది గ్రాములో అతిస్వల్ప భాగము. దానివలన దేహమునకు లెక్కింపదగిన కేలరీ ఒక్కటియు రాదు. అది లేనిచో రక్తమే సరిగా పుట్టదు. కేలరీల అంకెనొక్కటే చూచి, రెండు బిస్కత్తులతోను తేనీటితోను దినము గడపువారు ఈ సంగతి నెరుగవలెను. తగ్గించిన ఆహారములోనే పప్పు, తోటకూర, గోంగూర, పెరుగు, గ్రుడ్డు లేక చేపకు చోటు మిగులవలెను. నూనె, తీపి, వేపుడు తగ్గవలెను. ఎదుగుచున్న బాలబాలికలకును, గర్భిణులకును, మధుమేహమునకు మందు తీసికొనువారికిని వైద్యుని సలహా లేని తగ్గింపు తగదు. పెద్దలైనను వైద్యుని పర్యవేక్షణ లేక వెయ్యికి లోపు దిగుట ప్రమాదము. తరగతిలో తోటివారి హాస్యమునకు జంకి మధ్యాహ్నపు డబ్బా తెరువని బాలికను ఉపాధ్యాయుడు గమనింపవలెను. ఆ బిడ్డకు కావలసినది తక్కువ అంకె కాదు. ఒక మంచి మాట.

లెడర్లేలో సుబ్బారావుగారి నాయకత్వమున జరిగిన ఇతర కార్యములును గొప్పవి. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందు అచ్చటనే పుట్టెను. డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడెను. టెట్రాసైక్లిను జాతి మందులకు అది ఆద్యము. ఫోలికామ్లమునకు విరోధిగా తయారుచేసిన అమినాప్టెరినుతో ఫార్బర్ అను వైద్యుడు రక్తకాన్సరు సోకిన పిల్లలలో కొందరికి తాత్కాలికోపశమనము కలిగించెను. దాని జాతికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలోనున్నది.

1948 ఆగస్టులో, తమ 53వ యేట, సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుచే మరణించిరి. వారు స్వదేశమునకు మరల రాలేదు. అమెరికా పౌరసత్వమును తీసికొనలేదు. కీర్తికై ప్రాకులాడలేదు. అందువలన వారి పేరు తెలియనివారు తెలుగుదేశముననే పెక్కుమంది. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము వారి చిత్రముతో తపాలా బిళ్లను వెలువరించెను.

జీవశాస్త్రపు తరగతిలో ఏ.టీ.పీ. యను మూడక్షరములు నల్లబల్లపై వ్రాయునపుడు ఉపాధ్యాయులు ఆ ప్రక్కన భీమవరము పేరును వ్రాయుదురుగాక. బరువు తగ్గవలెనని ఎవరైన విద్యార్థి వచ్చి ఎన్ని కేలరీలని అడిగినచో, వెంటనే అంకె చెప్పక, ఒక చిన్న నోటుపుస్తకమును చేతికిచ్చి, రెండువారములు తిన్నది తిన్నట్లు వ్రాసికొని రమ్మని పంపుదురుగాక.